మార్కుల పీరియడ్

మా తెలుగు సారు దిద్దిన పేపర్‌లో 50కి 36 వస్తే ఆ సంగతి సాయంత్రానికి బడి అంతా తెలిసిపోయేది. ఆయన చేతి మీదుగా 40 మార్కులు ఎవరికైనా రావడం మేమైతే చూడలేదు. నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు, చుట్టూ తండాలున్న ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్ మాది. 1987లో పదో తరగతి రాసిన బ్యాచ్ మేము. ఇప్పటికీ పెండ్లిలోనో దశదినకర్మలోనో నలుగురం కలిస్తే మాట ఎటు పోయినా చివరికి ఆ సారు మార్కుల దగ్గరికే వస్తుంది. కొందరికి ఇంకా కోపం పోలేదు. కొందరికి ఆయన దేవుడు. నాకు ఆయన మీద గౌరవమూ ఉంది, ఒక విషయంలో తీరని కోపమూ ఉంది.

అప్పట్లో క్వార్టర్లీ, హాఫ్ ఇయర్లీ ప్రశ్నపత్రాలు జిల్లా ఉమ్మడి పరీక్షల బోర్డు నుంచి సీలు వేసి వచ్చేవి. జిల్లా అంతటా అవే ప్రశ్నలు. దిద్దేది మాత్రం ఏ బడి సార్లు ఆ బడిలోనే. అందుకే పక్క ఊళ్లో చదివే మా మేనబావకు తెలుగులో 44, నాకు 31. మా అమ్మకు ఈ తేడా ఎంత చెప్పినా ఎక్కేది కాదు. "ప్రశ్నలు ఒక్కటే గదరా, వానికెట్ల వచ్చినయ్, నీకెట్ల రాలె?" అనేది. అమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు నాకు చాలా ఏళ్ల తర్వాత, నేనే ఎర్ర పెన్ను పట్టిన తర్వాత గానీ దొరకలేదు.

సారు పిసినారితనానికి ఒక పద్ధతి ఉండేది. పరీక్షకు వారం ముందు బోర్డు మీద మార్కుల లెక్క రాసేవారు. మేం నోట్‌బుక్ చివరి పేజీలో ఎక్కించుకోవాలి. గణవిభజనలో గురులఘువులు సరిగా పెట్టి గణాల పేర్లు తప్పు రాస్తే సగం. గురువు ఒక్కటి తప్పినా ఆ పాదానికి ఏమీ రాదు. సందర్భంలో కవి పేరూ కావ్యం పేరూ తారుమారైతే కింద ఎంత బాగా రాసినా సగానికి మించదు. వత్తు పోయినా దీర్ఘం పోయినా అర మార్కు కోత. అయితే ఒకే తప్పు పేపర్ నిండా పదిసార్లు చేసినా ఒక్కసారే కోసేవారు. "ఒక్క తప్పుకు పది శిక్షలేందిరా?" అనేవారు. దస్తూరికి మార్కు లేదు, అడిషనల్ షీట్లకూ లేదు. ఆ రోజుల్లో ఎన్ని అడిషనల్ షీట్లు తీసుకుని తెల్లదారంతో కట్టామన్నదే మా గొప్ప. ఆయన దగ్గర ఆ గొప్ప నడవలేదు.

నేను గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆయన కోతల కంటే ఎక్కువగా ఆయన పేపర్లు ఇచ్చే రోజును. హాఫ్ ఇయర్లీ అయి సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలో ఒక రోజు ఆయన కట్ట పట్టుకొని వచ్చేవారు. ఆ గంట పాఠం ఉండదు. మేం దానికి మార్కుల పీరియడ్ అని పేరు పెట్టుకున్నాం. ఎవరి పేపర్ వాళ్లకు ఇచ్చి, ముందు మొత్తం మళ్లీ కూడుకోమనేవారు. కూడికలో తేడా వస్తే అక్కడికక్కడే దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టేవారు. ఆ తర్వాత అసలు పని. పక్కవాడికి ఇదే జవాబుకు నాలుగు వేశారు, నాకు మూడే ఎందుకు సార్ అని అడగొచ్చు. అడగాలంటే ఇద్దరూ పేపర్లు పట్టుకొని బల్ల దగ్గరికి రావాలి. ఆయన రెండూ పక్కపక్కన పెట్టి, చదివి, "నీదాంట్ల ఫలానా మాట లేదు, చూడు" అని వేలు పెట్టి చూపించేవారు. ఒక్కోసారి తేడా ఏమీ దొరకకపోతే నాకు ఒకటి కలిపేవారు. పక్కవాడికి ఎక్కువ పడిందని తేలినా వాడిది తగ్గించేవారు కాదు. "ఇచ్చింది వెనక్కి తీసుకోను. అది నా తప్పు, వానిది కాదు."

తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఇది ఎంత పెద్ద విషయమో మాటల్లో పెట్టడం కష్టం. మా ఊళ్లో పెద్దవాళ్లను కారణం అడగడం అనేదే లేదు. పటేల్‌ను అడగం, ఇంట్లో నాయనను అడగం. ఒక పెద్దమనిషి తన లెక్క మా ముందు పరిచి, అడగండి అని గంటసేపు కూర్చోవడం ఆ బల్ల దగ్గరే చూశాం.

పాత పటేల్ ఇంటి పిల్లవాడికి ఒకసారి 17 వచ్చాయి. పాసు కావాలంటే 18. పటేల్ స్వయంగా బడికి వచ్చి స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నాడు. సారు ఏమీ వాదించలేదు. కట్టలోంచి ఆ పేపర్ తీసి, ఎర్ర పెన్నుతో సహా ఆయన ముందు పెట్టారు. "మీరే చూడుండ్రి పటేలా. ఎక్కడ మార్కు పడాల్నో చూపిస్తే వేస్త." పటేల్ కాసేపు పేజీలు తిప్పి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ 17 అట్లాగే ఉండిపోయింది. బయట కిటికీ దగ్గర నిలబడి చూసిన వాళ్లం మూడు రోజులు ఆ ముచ్చటే చెప్పుకున్నాం.

అదే బడిలో మరో సబ్జెక్టు సారు ఉండేవారు, ఏ సబ్జెక్టో చెప్పను. ఆయన దగ్గర మార్కులు ధారాళం. వందకు 35కు తక్కువ ఎవరికీ వేసేవారు కాదు. అయితే పేపర్ ఎన్నడూ చేతికిచ్చేవారు కాదు. రిజిస్టర్ చూసి చదివేవారు, మేం వినేవాళ్లం. సాయంత్రం ఆయన ఇంటి వరండాలో ట్యూషన్‌కు పోయేవాళ్లకు డెబ్బైలు, ఎనభైలు. పోని వాళ్లకు నలభైలు. ట్యూషన్ చెబితే ఎక్కువ వస్తే రావచ్చు, అందులో తప్పు లేదు. కానీ ఎందుకొచ్చాయో తెలుసుకునే దారి లేదు. ఇంటి దగ్గర బర్లు కాసి వచ్చి చదివే నా దోస్తు ఒకడు, జవాబులన్నీ సరిగ్గా రాశానని ప్రమాణం చేసి చెప్పేవాడు. నిజమో కాదో తేల్చడానికి వాడి దగ్గర కాగితం లేదు. చేతికి రాని పేపర్‌లో 42 వచ్చి ఏడ్చినవాడిని చూశాను, చేతికొచ్చిన పేపర్‌లో 22 వచ్చి ఏడవకుండా కూర్చొని తప్పులు లెక్కపెట్టుకున్నవాడినీ చూశాను. ఇద్దరూ ఆ దోస్తే.

ఇక నా కోపం సంగతి. మా క్లాసులో ముగ్గురు నలుగురు తండా పిల్లలుండేవారు. ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడికొచ్చి తెలుగు నేర్చుకున్నారు. మేమంతా మాట్లాడే తెలుగే పుస్తకాల తెలుగుకు దూరం. మేం 'వచ్చిండు' అని రాస్తే అంతకు ముందున్న పండితుడు ప్రతిసారీ మార్కు కోసేవాడట. మా సారు ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, పైన 'వచ్చాడు' అని రాసి వదిలేసేవారు, కోత లేదు. అంతవరకు మాకు న్యాయం జరిగింది. తండా పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆయన కొలత ఆగిపోయింది. పుస్తకాల తెలుగు వాళ్ల చెవికి పట్టేదాకా ఎవరూ ఆగలేదు. ప్రతి కొత్త మాటలోనూ వత్తు పోయేది, ఒక్కో మాటా ఒక్కో తప్పు, ఒక్కో అర మార్కు. అందరికీ ఒకే కొలత అనేవారు సారు. మొదలుపెట్టిన చోటు అందరికీ ఒకటి కాదు కదా అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. అప్పుడు అనిపించినా చెప్పే ధైర్యం లేదు.

ఆ తండా పిల్లల్లో ఒక అమ్మాయి ఉండేది. పద్యాలు రాగం తీసి చదివితే క్లాసు నిశ్శబ్దమైపోయేది. తొమ్మిదో తరగతి హాఫ్ ఇయర్లీలో ఆమెకు తెలుగులో 17 వచ్చాయి. పటేల్ కొడుక్కి పడని ఒక్క మార్కు ఆమెకూ పడలేదు. కొలత నిజంగానే ఒకటే, అది ఒప్పుకోవాలి. కానీ ఫలితం ఒకటి కాలేదు. ప్రోగ్రెస్ కార్డులో తప్పిన సబ్జెక్టు కింద ఎర్ర గీత గీసేవారు. చదువు రాని తండ్రి అంకెలు చూడడు, ఎర్ర గీతలు లెక్కపెడతాడు. ఆమె కార్డులో అవి మూడో నాలుగో ఉన్నాయి. బడి మాన్పించారు, ఎండాకాలంలో పెండ్లి చేశారు. పటేల్ కొడుకు పదో తరగతి రెండుసార్లు రాసి పాసై, హైదరాబాద్ పోయి చదువుకున్నాడు.

సారు ఆమె ఇంటికి వెళ్లారని తర్వాత తెలిసింది. పిల్ల తెలివైనది, పంపమని అడిగితే తండ్రి, "ఎర్రగీత గీసింది మీరే గద సారు" అన్నాడట. ఈ మాట సారే మాకు క్లాసులో చెప్పారు, బోర్డు వైపు తిరిగి సుద్దముక్క చేతిలో పట్టుకొని. ఆ తర్వాత పరీక్ష నుంచి ఒక మార్పు తెచ్చారు. 15, 16, 17 వచ్చిన వాళ్లు వారం లోపల, పోయిన జవాబులు చూడకుండా తన ముందు మళ్లీ రాయాలి. సరిగా రాస్తే కార్డులో 18 వేస్తారు, ఎర్ర గీత ఉండదు. కఠినం తగ్గలేదు, మళ్లీ రాసిన దాంట్లో కూడా వత్తులు చూసేవారు. కానీ దానివల్ల చాలామంది గట్టెక్కారు. ఆ పద్ధతి ఆమె కార్డు మీద సంతకం పెట్టకముందే వచ్చి ఉంటే ఎంత బాగుండేది. ఆ కోపం నాకు ఇంకా ఉంది.

పబ్లిక్ పరీక్షలు అయ్యాయి. అప్పుడు మొత్తం పదకొండు పేపర్లు, హిందీకి మాత్రం ఒక్కటి, 600 మార్కులు. హిందీలో 20 వస్తే పాసు, మిగతా సబ్జెక్టుల్లో రెండు పేపర్లూ కలిపి 35 రావాలి. 360 దాటితే ఫస్ట్ క్లాసు. ఫలితాలు పేపర్లో నెంబర్లుగా పడేవి, ఫస్ట్ క్లాసు వరుస, సెకండ్ క్లాసు వరుస. కొన్నాళ్లకు మార్కుల మెమోలు బడికి వచ్చాయి. తెలుగులో మా బ్యాచ్‌లో అందరికీ సారు వేసిన దానికంటే ఎక్కువ వచ్చాయి. సారు దగ్గర ఎప్పుడూ సగానికి అటూ ఇటూ ఊగిన నాకు 70 దాటాయి. ట్యూషన్ సారు దగ్గర ఎనభైలు తెచ్చుకున్న వాళ్లు ఆ సబ్జెక్టులో యాభైల్లో ఆగిపోయారు.

నేను బీఎడ్ చేశాక 1998 డీఎస్సీలో సోషల్ టీచర్‌గా ఉద్యోగం వచ్చింది. బీఎడ్‌లో మూల్యాంకనం పాఠం చెబుతూ మా లెక్చరర్ ఒక పాత పరిశోధన సంగతి చెప్పారు. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లీషు జవాబుపత్రాన్ని అచ్చువేసి వందకు పైగా హైస్కూల్ టీచర్ల చేత దిద్దించారు. అదే పేపర్‌కు ఒకరు యాభై వేస్తే ఇంకొకరు తొంభై దాటించారు. భాష కాబట్టి అట్లా అయిందేమో, లెక్కల్లో అట్లా ఉండదులే అన్నవాళ్లకు మరుసటి ఏడు జామెట్రీ పేపర్‌తో చేసి చూపించారు. అక్కడ తేడా ఇంకా పెరిగింది. మా అమ్మ అడిగిన ప్రశ్న నాకు ఆ క్లాసులో గుర్తుకొచ్చింది. మేనబావ 44కూ నా 31కూ మధ్య మేమిద్దరం రాసిన రాతల తేడా ఎంతో, దిద్దిన చేతుల తేడా ఎంతో ఎవరూ చెప్పలేరు.

పబ్లిక్ పరీక్ష పేపర్లన్నీ ఒకచోట చేర్చి దిద్దించే స్పాట్ వాల్యుయేషన్‌కు మొదటిసారి పోయినప్పుడు ఆ సంగతి కళ్లారా చూశాను. జిల్లా కేంద్రంలో ఒక పెద్ద బడి, గదికో బృందం, చీఫ్ ఎగ్జామినర్ ఒకరు, దిద్దే మేము, కూడికలు సరిచూసే స్పెషల్ అసిస్టెంట్. ముందు ఏ జవాబుకు ఎన్ని మార్కులో చదివి వినిపిస్తారు. పేపర్ ఏ ఊరిదో, రాసిందెవరో తెలియదు, కోడ్ నెంబరే. అది చాలా మంచి పద్ధతి. పటేల్ కొడుకూ తండా పిల్లా అక్కడ నిజంగా ఒకటే. కానీ ఒక్కొక్కరికి రోజుకు 40 పేపర్లు. ఆరు గంటల పని అనుకున్నా ఒక్క పిల్లవాడి ఏడాది కష్టానికి తొమ్మిది నిమిషాలు. సోషల్‌లో మ్యాపు వెనక ఎక్కడో కట్టి ఉంటుంది, చూడకపోతే పోయినట్టే. ఫ్యాన్ తిరగని గదిలో ఏప్రిల్ ఎండకు మధ్యాహ్నం పేపర్లు దిద్దే చేయి పొద్దుటి చేయిలా ఉండదు. నాతో కూర్చున్న సీనియర్ ఒకాయన భోజనం చేసి వచ్చాక, పొద్దున దిద్దిన రెండు పేపర్లు మళ్లీ చదివి గానీ కొత్తది ముట్టేవారు కాదు. చేయి మారిందేమో చూసుకోవడానికి అట. నేనూ అది అలవాటు చేసుకున్నాను. పాసు అంచున ఆగిన పేపర్‌ను మొదటి నుంచి మరోసారి చూడటం మాత్రం అక్కడ ఎవరూ చెప్పకుండానే అందరం చేసేవాళ్లం.

పొరపాటు ఎంత దూరం పోతుందో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలప్పుడు అందరం చూశాం. తెలుగులో సున్నా అని వచ్చిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 అని తేలింది. ఆ రోజుల్లో ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు చదవలేక పేపర్ మూసేసేవాణ్ని.

ఇప్పుడు కఠినమైన చేతులు తగ్గాయి. సీసీఈ, అంటే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక పదో తరగతిలో 80 మార్కులు పరీక్షకు, 20 బడిలోనే వేసే ఇంటర్నల్‌కు అయ్యాయి. ఆ ఇరవైకి ఇరవై, తప్పితే పందొమ్మిది. కరోనా ఏడు 2021లో పరీక్షలు రద్దై, బడి మార్కులతోనే గ్రేడ్లు ఇచ్చినప్పుడు తెలంగాణలో రెండు లక్షల మందికి పైగా పిల్లలకు 10 జీపీఏ వచ్చింది. పిల్లలు సంతోషపడ్డారు, ఆ కష్టకాలంలో పడనీ అనుకున్నాను. కానీ నిజంగా రాత్రింబవళ్లు చదివిన పిల్ల నా దగ్గరికి వచ్చి, "సార్, నాదీ అందరిదీ ఒకటే అయింది" అంటే నేనేమీ చెప్పలేకపోయాను. అందరికీ ఇరవై వేసే ప్రైవేటు బడి పక్కన నేను నిజాయితీగా పదహారు వేస్తే నా పిల్లలకే నష్టం, అదీ తెలుసు. కాబట్టి ఇప్పుడు టీచర్ ఎంత కఠినంగా ఉండాలన్నది నాకు రెండో ప్రశ్న. వేసిన మార్కుకు కారణం పిల్లల ముందు పెట్టగలడా అన్నది మొదటిది. ఆ లెక్కన మా తెలుగు సారు 17 కంటే ట్యూషన్ సారు 42 ఎక్కువ అన్యాయం.

2011 ఆగస్టులో సుప్రీంకోర్టు సీబీఎస్ఈ కేసులో తీర్పు ఇచ్చింది. దిద్దిన జవాబుపత్రాన్ని చూసుకునే హక్కు, నకలు తీసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద రాసినవాడికి ఉందని. ఆ వార్త చదివి మా బ్యాచ్ వాళ్లకు ఫోన్లు చేసి చెప్పాను. పాతికేళ్ల కిందట మా సారు సంక్రాంతి తర్వాత వారంలో మాకు ఇచ్చింది ఇదే కదా అని.

నా క్లాసులో ఆ పీరియడ్ ఇప్పటికీ నడుస్తుంది. పేపర్లు ఇస్తాను, కూడుకోమంటాను, ఇద్దరిద్దరు వచ్చి అడగొచ్చు, ఇచ్చింది వెనక్కి తీసుకోను. పాసు మార్కు అంచున ఆగినవాళ్లకు వారం గడువు ఇస్తాను. తండా పిల్లలకు ఆరో తరగతి నుంచే వత్తుల తప్పులు దిద్దుతాను గానీ సోషల్ జవాబులో వాటికి మార్కు కోయను.

పబ్లిక్ పరీక్ష దగ్గరే నా చేయి ఆగిపోతుంది. పదో తరగతిలో రీకౌంటింగ్‌కు సబ్జెక్టుకు 500 రూపాయలు కట్టాలి. దిద్దిన పేపర్ నకలు చేతికి రావాలంటే రీవెరిఫికేషన్‌కు వెయ్యి. కూలికి పోయే ఇంట్లో వెయ్యి రూపాయలు పెట్టి కూతురు పేపర్ చూసుకునే తండ్రి ఎవరు? మా బడిలో కొన్నిసార్లు సార్లం తలా కొంత వేసుకుని కట్టాం. మార్కులు మారకుండా వచ్చినప్పుడు కూడా పిల్లలు ఆ నకలు ముందేసుకుని, తమ రాతను తాము చదువుకుని, ఎక్కడ పోయిందో చూసుకుని నెమ్మదించారు. ప్రభుత్వ బడి పిల్లలకైనా ఆ ఫీజు తీసేయాలని మా సంఘం మీటింగుల్లో అడుగుతూనే ఉన్నాను. వచ్చే మీటింగ్‌లో తీర్మానం రాసి పట్టుకెళ్తాను, సంతకాలు పెట్టడానికి మా బ్యాచ్‌లో టీచర్లైన వాళ్లు ఇప్పటికే ఒప్పుకున్నారు.